గట్టు మీద పుస్తకాల లెక్క

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటె ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి కూడా చెప్పారు. పింఛను ఎవరి దయాధర్మమూ కాదు, చేసిన చాకిరీకి దక్కే హక్కు అన్న ఆ మాట ఏటా ఈ రోజున మనం తలుచుకుంటూనే ఉన్నాం, తలుచుకోవాలి కూడా. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీరు గట్టు మీద పుస్తకాల కబుర్లు చెప్పండి, పది నిమిషాలు చాలు" అన్నారు. పాత గుమాస్తాని పది నిమిషాల్లో ముగించమనడం ఎంత కష్టమో ఆయనకు తెలియనిది కాదు. అయినా ప్రయత్నిస్తాను.

సంగతి ఏమిటంటే, రాజమండ్రిలో గోదావరి గట్టు మీద సాయంత్రం పూట చేరే మా బృందంలో అయిదారుగురం ఉన్నాం. అందరం రిటైరైనవాళ్ళమే. మొదట్లో మా కబుర్లన్నీ షుగరు, బి.పి., కోడళ్ళు, లైఫ్ సర్టిఫికెట్లు. తాసిల్దారుగా రిటైరైన మిత్రుడు ఒకనాడు విసుక్కుని, "రోజూ ఈ ఫైళ్ళే తిరగేస్తున్నాం, ఒక్కటీ డిస్పోజ్ కాదు, ఇంకేమైనా మాట్లాడుకుందాం" అన్నాడు. అప్పటినుంచి ప్రతి డిసెంబరులో ఒక సాయంత్రం కూర్చుని, ఆ ఏడు చదివినవాటిలో ఎవరికి ఏది బాగా నచ్చిందో చెప్పుకోవడం ఆనవాయితీ అయింది. నియమాలు రెండే. పుస్తకం పేరు చెప్పి ఊరుకోకూడదు, ఎందుకు నచ్చిందో చెప్పాలి. ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నదైతే తిరిగి ఇచ్చేసిందీ లేనిదీ కూడా చెప్పాలి. ఈ రెండవ నియమం దగ్గరే తగువులు వస్తూంటాయి.

ఈ ఏడు ముందుగా తాసిల్దారుగారే మొదలుపెట్టాడు. ఆయనది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. అంటే మనవాడే, ఉద్యోగస్తుడు. 1830 మే 18న బయలుదేరి, దాదాపు వందమంది పరివారంతో కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. దారి పొడుగునా ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, నీళ్ళు ఎలాంటివి, దిగడానికి వసతి ఉందా లేదా, ఏ సరుకు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ రాసి తన స్నేహితుడు శ్రీనివాసపిళ్ళెగారికి పంపుతూ ఉండేవాడు. ఆయన పోయిన తరువాత 1838లో ఆ స్నేహితుడే దాన్ని అచ్చువేయించాడు. దిగవల్లి వేంకట శివరావుగారు పరిష్కరించి 1941లో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. తాసిల్దారుగారికి అది ఎందుకు నచ్చిందయ్యా అంటే, అది క్యాంపు డైరీలా ఉందట. "నేను ముప్ఫయ్యేళ్ళు జమాబందీకి తిరిగాను, ఇంత శుభ్రంగా ఒక్కనాడు కూడా డైరీ రాయలేదు" అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆయన జగన్నాథం మీదుగా కోస్తా దారి పట్టి మన గోదావరి దాటే నాటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. అది కట్టింది 1847, 1852 మధ్య. ఆనకట్టకు ముందున్న గోదావరిని చూసిన మనిషి రాసిన పుస్తకం చేతిలో పెట్టుకుని అదే గోదావరి ఒడ్డున కూర్చోవడం తమాషాగా ఉంటుంది. ట్రెజరీ మిత్రుడు వెంటనే, "వందమందితో పల్లకీ ప్రయాణం! ఆ టి.ఎ. బిల్లు నా టేబులు మీదికి వచ్చి ఉంటేనా!" అన్నాడు. ట్రెజరీవాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆ ట్రెజరీ మిత్రుడిది ముళ్ళపూడి వెంకటరమణగారి కోతికొమ్మచ్చి. రమణగారు 1931లో ఈ ధవళేశ్వరంలోనే పుట్టినవాడు. ఆకలినీ అప్పులనూ తలుచుకుని నవ్వించగలిగిన మనిషి. 2009లో పుస్తకంగా వచ్చింది. రెండేళ్ళకు ఆయన వెళ్ళిపోయారు. మా మిత్రుడు దాని గురించి చెప్పబోయి, నవ్వు వచ్చి చెప్పలేక, దగ్గు వచ్చి, మంచినీళ్ళు తాగి, "మీరే చదువుకోండి" అని కూర్చున్నాడు. నియమం ప్రకారం అది చెల్లదు గాని వదిలేశాం.

మా బృందంలో ఒక సోదరి ఉన్నారు, హైస్కూలులో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆవిడ మాలతీ చందూర్ గారి వంటలు పిండివంటలు అన్నారు. వంటల పుస్తకం లెక్కలోకి వస్తుందా రాదా అని అరగంట వాదన జరిగింది. తాసిల్దారు గారు రాదని రూలింగ్ కూడా ఇచ్చేశాడు. అప్పుడు ఆవిడ సంచీలోంచి ఆ పుస్తకం తీసి చూపించారు. అట్టలేదు, పేజీలకు పసుపు మరకలు. పులిహోర ఉన్న పేజీలో ఉప్పు అన్నచోట పెన్సిలుతో గీత గీసి పక్కన "సగం" అని రాసి ఉంది. వాళ్ళాయనకు బి.పి. అని తెలిసిన వారం ఆయనే రాసుకున్నదట. ఆయన పోయి రెండేళ్ళయింది. "ఈ ఏడు మొదటిసారి మళ్ళీ ఆ పేజీ తీసి వండాను, సగం ఉప్పుతోనే" అన్నారు. తాసిల్దారుగారు తన రూలింగు తనే రద్దు చేసుకున్నాడు.

ఇక నా వంతు. దీనికే కార్యదర్శిగారు నన్ను ఇక్కడ నిలబెట్టారు, ఆయనకు ఆ సంగతి తెలియదు గాని.

నాతోపాటు ఒకే సెక్షనులో పనిచేసిన సీనియరు ఒకాయన ఉన్నారు. గురువుగారూ అని పిలుస్తాను, పని నేర్పింది ఆయనే. నోటు ఎలా పెట్టాలో, ఎక్కడ సంతకం చెయ్యకూడదో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సర్వీసులో ఉన్నంతకాలం ఆదివారం వస్తే గౌతమీ గ్రంథాలయంలోనే ఉండేవారు. అలాంటి మనిషికి నీటికాసులు వచ్చి రెండు కళ్ళకూ చూపు పోయింది. వెలుతురు తెలుస్తుంది, అక్షరం తెలియదు. పోయిన సంక్రాంతి నుంచి రోజు విడిచి రోజు నాలుగింటికి వాళ్ళింటికి వెళ్ళి గంటసేపు చదివి వినిపిస్తున్నాను. ఏం చదవమంటారు అని అడిగితే, "శ్రీపాదవారిని చదవవోయ్, అవి చెవి కోసం రాసిన కథలు" అన్నారు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1891లో పుట్టి 1961లో పోయారు. ఈ ఊళ్ళో బతికినవారు. వేదమూ సంస్కృతమూ తప్ప తెలుగు రాయడమే తప్పుగా చూసే ఇంట్లో పుట్టి, ఇంత తియ్యటి తెలుగు రాసినవారు. ఆ సంగతులు ఆయన అనుభవాలూ జ్ఞాపకాలూనూలో ఉన్నాయి. నేను ఎప్పుడో కుర్రతనంలో ఆయన కథలు కంటితో చదివేశాను. పైకి చదివితే గాని తెలియలేదు, ఒక్కొక్క మాటా మన అమ్మమ్మ నోట్లోంచి వచ్చినట్లుంటుంది. నాకు ఆ ఇంట్లో అదివరకు లేని గొంతు వచ్చింది. వదినగారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడేవారు.

శ్రావణమాసంలో కాబోలు, గులాబీ అత్తరు కథ మొదలుపెట్టాను. పెద్దాపురం మహారాజుగారికి సమర్పించుకోవాలని అపురూపమైన అత్తరు పట్టుకుని వచ్చిన ఒక సాయిబు కథ. మహారాజు రసజ్ఞుడే. కాని ఆయన దాకా వెళ్ళాలి గదా. మధ్యలో దివాణం ఉంది. అక్కడ ఆ సాయిబు పడిన అగచాట్లే కథ. ఆఖరికి ఆ అత్తరు ఏమైందో చెప్పను, చదవనివాళ్ళు చదువుకోండి. నేను చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. గొంతు పెగలలేదు. గురువుగారు "ఏమోయ్, పేజీ చిరిగిందా?" అన్నారు.

పేజీ బాగానే ఉంది. నాకు 1974 గుర్తుకు వచ్చింది.

నేను సర్వీసులో చేరి రెండేళ్ళు. ఎల్.డి. క్లర్కుని. బంట్రోతుగా పనిచేస్తూ ఉండగా పోయిన ఒకాయన కుటుంబ పింఛను ఫైలు నా సీటుకు వచ్చింది. ఆయన సర్వీసు రిజిస్టరులో ఒక సంవత్సరానికి వెరిఫికేషన్ ఎంట్రీ లేదు. అంతకుముందు పనిచేసిన తాలూకా ఆఫీసుకు ఒక ఉత్తరం రాస్తే వచ్చేస్తుంది. మా సూపరింటెండెంటు "తొందరేముంది, వాళ్ళ మనుషులెవరైనా వచ్చి కనపడనీ" అన్నాడు. ఆ మాటకు అర్థం ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. నేను ఆయనకు భయపడ్డాను. ప్రొబేషను పూర్తి కావలసి ఉంది. ఒక కొర్రీ వేసి ఫైలు వెనక్కి పంపాను. తిరిగి వచ్చాక కుటుంబ సభ్యుల జాబితా మూడు కాపీలు కావాలని ఇంకొక కొర్రీ. తరువాత భర్త ఇంటిపేరు ఒకచోట పొట్టిగా, ఒకచోట పూర్తిగా ఉందని మూడవ కొర్రీ. మూడూ నా దస్తూరీయే. మంచి దస్తూరీ అని పేరు కూడా ఉండేది నాకు.

ఆవిడ మెట్ట ప్రాంతం నుంచి బస్సులో వచ్చేది. వెంట ఆరేళ్ళ కుర్రవాడు, చేతిలో పలక. వరండాలో బల్ల మీద పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునేది. నన్ను బాబుగారూ అని పిలిచేది. నా వయసు అప్పుడు ఇరవైనాలుగు. "రేపు రామ్మా" అనేవాణ్ణి. రేపు అంటే బస్సు చార్జీ అని, ఆ రోజు కూలి పోవడమని నాకు తోచలేదు. పదకొండు నెలలు. ఆ తరువాత ఆ సూపరింటెండెంటు బదిలీ అయి కొత్తాయన వచ్చి, పెండింగు జాబితా తెమ్మని, ఆ ఫైలు చూసి, "ఇదేమిటయ్యా?" అని అక్కడికక్కడే ఉత్తరం డిక్టేట్ చేశాడు. పక్షం రోజుల్లో ఎంట్రీ వచ్చింది, ఫైలు ఎ.జి. ఆఫీసుకు పోయింది. ఒక్క కవరు, దాని మీద ఒక్క స్టాంపు. అంతే పని.

నేను సర్వీసు మొత్తంలో ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. 2008లో నాకు జరిగిన వీడ్కోలు సభలో అందరూ అదే చెప్పారు, నేను తల వంచుకుని దండ వేయించుకున్నాను. కాని ఆ కథలో దివాణం దగ్గరికి వచ్చేసరికి, లోపలికి పోనివ్వకుండా అడ్డం నిలబడ్డవాడి ముఖం నాదిగా కనిపించింది. తీసుకోకపోవడం ఒకటీ, అడ్డం నిలబడకపోవడం ఒకటీ. ఇన్నాళ్ళూ మొదటిదాన్నే లెక్కలో వేసుకున్నాను.

ఇదంతా గురువుగారికి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు తెలుసోయ్. ఆవిడ కూర్చునే బల్ల నా బీరువా పక్కనే గదా. ఆ కుర్రవాడికి నేను పలకబలపాలు కొనిచ్చాను కూడా. బలపం కొనిచ్చాను గాని, నీతో ఆ ఉత్తరం రాయించలేదు. నీకు భయమంటే కుర్రవాడివి. నాకేమయింది?" అన్నారు. కనిపించని కళ్ళు తుడుచుకున్నారు. వదినగారు కాఫీ తెచ్చి అక్కడ పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు. ఆ రోజు కథ పూర్తి చెయ్యలేదు. రెండు రోజుల తరువాత ఆయనే కబురుపెట్టారు, "సగంలో ఆపితే అదీ ఒక పెండింగే, రా" అని.

కాబట్టి ఈ ఏడు నాకు నచ్చిన పుస్తకం ఏదంటే శ్రీపాదవారి కథలు అని గట్టు మీద చెప్పాను. నచ్చిందని అనవచ్చునో లేదో తెలియదు, తాసిల్దారు గారు మాత్రం దీనికి రూలింగేమీ ఇవ్వలేదు. పుస్తకం గురువుగారిదే, తిరిగి ఇచ్చేశాను.

ఆవిడ ఉన్నదో లేదో తెలియదు. ఉంటే తొంభై దగ్గర పడి ఉంటుంది. ఆ పిల్లవాడికి యాభై ఏడు, యాభై ఎనిమిది ఉండాలి. వాడూ ఎక్కడో ఉద్యోగంలో చేరి, రిటైరు కావస్తూ, రేపో మాపో మన సంఘంలో సభ్యత్వానికి వచ్చినా రావచ్చు. చిన్నతనంలో తల్లి వెంట ఆఫీసు వరండాలో పలక పట్టుకుని కూర్చున్నానని మీలో ఎవరితోనైనా ఎవరైనా చెప్పి ఉంటే, దయచేసి నాకు తెలియజేయండి. నేనే వెళ్ళి కలుస్తాను, వాళ్ళు ఇక్కడిదాకా రానక్కరలేదు.

చివరగా ఒక మనవి. గురువుగారికి కొత్త సంవత్సరంలో కాశీయాత్ర చరిత్ర వినాలని ఉంది. తాసిల్దారు గారు తన కాపీ ఇస్తానన్నాడు, రసీదు మీద. నేను సోమ, బుధ, శనివారాలు చదువుతాను. మంగళ, శుక్రవారాలు ఖాళీగా ఉన్నాయి. పైకి స్పష్టంగా చదవగలవారు, కళ్ళజోడు నంబరు ఈ మధ్య మార్చుకున్నవారైతే మరీ మంచిది, సభ అయ్యాక కార్యదర్శిగారికి పేర్లు ఇవ్వండి. కాఫీ ఖర్చు సంఘానిది కాదు, వదినగారిది.