సైటు సెట్టింగులు - సర్వీసు రిజిస్టరు చెప్పే పాఠం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం వెబ్‌సైటు గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి గనుక ఆ భాషలోనే మనవి చేస్తాను.

సైటులో సర్క్యులర్లు, వార్తలు ఒక ఎత్తు. సైటు పేరు, చిరునామా, హెచ్చరికలు అందవలసిన ఈమెయిలు మరొక ఎత్తు. ఈ రెండో రకాన్నే సెట్టింగులంటారు. వీటిని ప్రోగ్రాములోనే రాసేస్తే ప్రతి మార్పుకూ ప్రోగ్రామరును పిలవాలి. అందుకని డేటాబేసులో ఒక పట్టికలో ఉంచుతారు. మన సైటు 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ మీద నడుస్తోంది. అందులో ఆ పట్టిక పేరు ఆప్షన్స్. ఒక గడిలో పేరు, మరో గడిలో విలువ. ఒక పేరుకు ఒకే వరుస.

చిక్కంతా ఇక్కడే ఉంది. కొత్త విలువ రాయగానే పాతది పోతుంది. సర్వీసు రిజిస్టరులో మనం అలా చేశామా? తప్పు ఎంట్రీకి ఒక గీత కొట్టి, సరైనది రాసి, అధికారి సంతకం తీసుకునేవాళ్లం. పాతది కనబడుతూనే ఉండేది. ఈ పట్టికకు ఆ అలవాటు లేదు.

దీనివల్ల నష్టమేమిటో చూడండి. కేంద్ర పెన్షనర్లకు డి.ఆర్. 2024 జులై 1 నుంచి 53 శాతం ఉండేది, 2025 జనవరి 1 నుంచి 55 శాతం అయింది. ప్రకటన వచ్చింది మార్చి ఆఖరులో. 20,000 రూపాయల మూల ఫ్యామిలీ పెన్షన్ గల సోదరికి డి.ఆర్. 10,600 నుంచి 11,000 అయింది. నెలకు 400 చొప్పున మూడు నెలల బకాయి 1,200. సైటులో ఒకే గడి పెట్టి 53 చెరిపి 55 రాస్తే, ఆమె బకాయి లెక్క చూసుకునే దారి మూసుకుపోతుంది. కనుక డి.ఆర్.కు వేరే పట్టిక ఉండాలి. అమలు తేదీ, శాతం. పెరిగినప్పుడల్లా కొత్త వరుస. పాత వరుసను ముట్టుకోరాదు.

ఇక అడ్మిన్ ఈమెయిలు. సైటు పాడైతే ముందుగా హెచ్చరిక వెళ్లేది దానికే. అది ఒక వ్యక్తి సొంత చిరునామా అయితే, ఆయన పదవి దిగినా, కాలం చేసినా ఆ ఉత్తరాలు చూసేవారుండరు. దీన్ని మార్చినప్పుడు కొత్త చిరునామాకు ఒక లింకు వస్తుంది. అది నొక్కి ధ్రువీకరించేదాకా పాతదే చెల్లుతుంది. మార్చేశామని అంతటితో ఊరుకోకూడదు.

సైటు చిరునామా గడి మరీ సున్నితమైనది. అక్షరం తప్పితే లోపలికి వెళ్లే తలుపే దొరకదు. అప్పుడు నేరుగా డేటాబేసు తెరిచి దిద్దాల్సి రావచ్చు. అక్కడ ఏ వరుస మార్చాలో షరతు రాయకుండా ఆజ్ఞ ఇస్తే అన్ని వరుసల్లోనూ అదే విలువ పడుతుంది. ముందు నకలు తీయకుండా చెయ్యి పెట్టరాదు.

కార్యవర్గానికి నా మనవి మూడు మాటలు. ఒకటి, అడ్మిన్ ఈమెయిలు సంఘం పేరిట ఉండాలి. రెండు, ప్రతి మార్పునూ తేదీ, పాత విలువ, కొత్త విలువ, ఇద్దరి సంతకాలతో పుస్తకంలో రాయాలి. మూడు, కొత్త కార్యవర్గానికి క్యాషు పుస్తకంతో పాటు ఆ పుస్తకమూ అప్పగించాలి.

ఈ పని మనకు చేతకానిదేమీ కాదు. జీవితమంతా చేసిందే.