రౌటరు రాసే దినచర్య

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివానలో కరెంటు స్తంభాల మీద లాగిన ఫైబరు తెగితే, ఆ సంగతి ముందు తెలిసేది రౌటరుకే. వెంటనే ఒక వరుస రాసిపెడుతుంది.

తెనాలిలోనో రేపల్లెలోనో ఆ వరుసలు అందుకునే కంప్యూటరుకు, సిస్కో రౌటరైతే, మొదట 187 అనే సంఖ్య వస్తుంది. తర్వాత తేదీ, సమయం, ఆపైన ‘లింక్-3-అప్‌డౌన్’. లింక్ అంటే ఏ భాగం మాట్లాడుతోందో, 3 అంటే తీవ్రత, చివరిది జరిగిన సంగతి. తీవ్రత 0 నుంచి 7 దాకా ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: అంకె తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 0 అంటే పరికరం పనికిరాని స్థితి.

మరి 187? ఎనిమిదితో భాగించండి. భాగఫలం 23, సందేశం ఏ విభాగానిదో చెప్పే సంఖ్య. శేషం 3, మళ్లీ అదే తీవ్రత. ఎంత ముచ్చటైన లెక్క!

సమయానికి ముందు నక్షత్రం గుర్తుంటే ఆ గడియారాన్ని నమ్మకండి. బాపట్ల రౌటరూ రేపల్లె రౌటరూ ఒకే సమయం చూపిస్తేనే ఏ లైను ముందు తెగిందో తేలుతుంది. ఇంకొకటి, రౌటరు మెమరీలో మాత్రమే ఉన్న వరుసలు కరెంటు పోతే చెరిగిపోతాయి. తుఫాను రాకముందే వాటిని వేరే కంప్యూటరుకు పంపే ఏర్పాటు చేసుకోండి.