బడిపంతులు ఏల అలయుచున్నాడు?



మా యూరి రచ్చబండకడ నేను తఱచుగా వినిన మాట యొకటి కలదు. "పంతులుగారి ఉద్యోగమును మించిన సుఖము లేదు. ఎండలో నిలువ నక్కఱలేదు, బరువు మోయ నక్కఱలేదు, పండుగ సెలవులు, వేసవి సెలవులు సరేసరి" అని. ఈ మాట అన్నవారు చెడుతలంపుతో అన్నవారు కారు. దున్నుటయు, కోయుటయు, మోయుటయు ఎఱిగినవారికి కుర్చీలో కూర్చున్నవాని అలసట కంటబడదు. నేను 1984లో ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడనుగా చేరి, 2019లో ఉద్యోగ విరమణ చేసితిని. ఈ 35 సంవత్సరములలో కన్నదియు, పడినదియు నేడు మీకు విన్నవింపదలచితిని.

అలసట రెండు విధములు. పగలంతయు దున్నిన రైతు సాయంకాలమునకు అలయును. రాత్రి నిద్రించి తెల్లవాఱునప్పటికి తేఱుకొనును. చేసిన పని చాళ్లుగా కన్నులయెదుట కనబడుచుండుటచే ఆ అలసటలో తృప్తియు కలదు. అదే రైతును గడియకొకసారి గట్టుమీదికి పిలిచి, "ఎన్ని చాళ్లు వేసితివి? వ్రాసి యిమ్ము. ఎద్దుల కొమ్ముల కొలత పంపుము" అని అడుగుచు, ప్రొద్దుక్రుంకిన పిమ్మట "చేను దున్నలేదేమి?" అని మందలించినచో, అతనికి కలుగు అలసట నిద్రవలన తీఱునది కాదు. నేటి బడిపంతులు పడుచున్నది ఈ రెండవ అలసట.

వైద్యులును దీనిని గుర్తించిరి. 1974లో అమెరికా దేశమున ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనశ్శాస్త్రవేత్త, పరుల సేవలోనుండు ఉద్యోగులలో ఈ స్థితిని గమనించి, దీనిని లోపల కాలిపోవుటతో పోల్చి వ్రాసెను. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి మూడు లక్షణములు చెప్పినది. శక్తి యుడిగిపోవుట మొదటిది. చేయు పనిపై విముఖత కలుగుట రెండవది. తాను చేయునది ఫలించుట లేదను భావము మూడవది. ఇది రోగము కాదనియు, ఉద్యోగములోని ఒత్తిడి చిరకాలము తీఱకుండుటచే కలుగు స్థితి యనియు ఆ సంస్థ నిర్ణయించినది. అనగా లోపమును మనిషిలో మాత్రమే వెదకరాదు. పని నడచు తీరులోను వెదకవలెను.

ఈ మూడు లక్షణములును నాయందే నేను చూచితిని. 2012వ సంవత్సరమున నేను ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు చెప్పుచు, ప్రధానోపాధ్యాయుని బాధ్యతయు మోయుచుంటిని. ఒకనాడు మధ్యాహ్నములోగా ఏవో లెక్కలు పంపవలెనని కబురు వచ్చెను. బియ్యపు నిల్వ యొకటి, గ్రుడ్ల సంఖ్య యొకటి, పిల్లల కులములవారీ పట్టిక యొకటి. ముందువారము పంపినవే, మఱియొక నమూనాలో మరల అడిగిరి. నేను ఏడవ తరగతిలో పద్యము చెప్పుచునే బల్లమీద ఆ పట్టికలు నింపుచుంటిని. ఒక బాలుడు లేచి, పద్యములోని ఒక పదమును ఎట్లు విడదీయవలెనో అడిగెను. "తరువాత" అంటిని. మరల అడిగెను. మూడవసారి లేచినప్పుడు నేను వాని చెంపపై కొట్టితిని.

చట్టము దానిని నిషేధించినదని నాకు తెలియును. అంతకన్న, అడుగుట తప్పు కాదని నాకు తెలియును. ఆ బాలుడు మూడు దినములు బడికి రాలేదు. నాలుగవనాటి సాయంకాలము నేను వాని యింటికి పోయితిని. అరుగుమీద వాని తాతగారు కూర్చుండిరి.

"ఏం పంతులుగారూ, మావాడు ఏం తప్పు చేశాడండీ?" అని అడిగిరి.

"తప్పు చేయలేదండీ. సందేహం అడిగాడు" అంటిని.

ఆయన కొంతసేపు నావంక చూచి, "అడగడానికే గదండీ బడికి పంపింది" అనిరి.

నేను బదులు చెప్పలేకపోయితిని. ఆ బాలుని పిలిచి, తప్పు నాదని వాని తాతగారియెదుటనే చెప్పితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బోధనకై ఉద్యోగములో చేరినవాడను, బోధన నా పనికి అడ్డువచ్చుచున్నదని తలచు స్థితికి ఎట్లు వచ్చితిని?

దీనికి కారణములు నాకు తోచినవి చెప్పెదను.

మొదటిది, తరగతులు పెక్కు, పంతులు ఒక్కడు. ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు మూడేసి పాఠ్యాంశములు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు నాలుగేసి. మొత్తము పదునెనిమిది. ఏకోపాధ్యాయ పాఠశాలలో బోధనకు ఐదు గంటలు చిక్కినను, ఒక్కొక్క పాఠమునకు పదునేడు నిమిషములైన రావు. ఒక తరగతికి చెప్పునప్పుడు నాలుగు తరగతులు ఎదురు చూచుచుండును. ప్రతి పాఠశాలకు కనీసము ఇద్దఱుండవలెనని 1987లో నల్లబల్ల పథకము నాడే తలపెట్టిరి. 2009నాటి విద్యాహక్కు చట్టమును అఱువదిమంది పిల్లలవఱకు ఇద్దఱుండవలెననియే చెప్పుచున్నది. అయినను ఒంటరి పంతుళ్లు నేటికిని కలరు.

రెండవది, బోధన కాని పని. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తులలో సహాయము, ఈ మూడు తప్ప ఉపాధ్యాయుని విద్యేతర కార్యములకు పంపరాదని ఆ చట్టమే చెప్పుచున్నది. ఎన్నికల పనులకు సైతము సాధారణముగా సెలవుదినములలోనే పిలువవలెనని సుప్రీం కోర్టు 2007లో తీర్పు చెప్పినది. నేను 1991, 2001, 2011 సంవత్సరముల జనాభా లెక్కలలో ఇల్లిల్లు తిరిగితిని. దానికి నాకు విచారము లేదు. అది పదియేండ్లకొకసారి వచ్చు పని. కాని బడి గోడలలోపలనే పుట్టు లెక్కలకు చట్టము అడ్డురాదు. భోజనపు లెక్క, పుస్తకముల లెక్క, చెప్పుల కొలతలు, ఛాయాచిత్రములు, ఇవన్నియు బడిపని పేరుతోనే వచ్చును. 2022లో ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయులు ఫోనులో ముఖము చూపి హాజరు వేయించుకొను పద్ధతి వచ్చినది. సిగ్నలు అందని యూళ్లలో పిల్లలు లోపల వేచియుండగా పంతులు ఫోను చేతబట్టుకొని ఆవరణలో తిరుగవలసివచ్చెనని నా శిష్యుడైన యొక ఉపాధ్యాయుడు నాతో చెప్పెను.

మూడవది, తన చేతిలో లేని ఫలమునకు తానే బాధ్యుడగుట. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి ప్రత్తి తీయుటకు, మిరప కోయుటకు కుటుంబములు గుంటూరు ప్రాంతమునకు వలసపోవును. పిల్లలును వెంట పోవుదురు. మూడు నెలలు బడికి రాని పిల్లవానికి చదువు రాలేదేమని అడుగుట పంతులునే.

నాలుగవది, ఒంటరితనము. నా యుద్యోగకాలములో పుస్తకములు తనిఖీ చేసినవారు పలువురు. వెనుక బల్లమీద కూర్చుండి పాఠము మొదటినుండి చివరవఱకు విన్నవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. స్త్రీలైన ఉపాధ్యాయుల కష్టము మఱింత హెచ్చు. తెల్లవాఱకముందే వంట చేసి, రెండు బస్సులు మాఱి వచ్చి, తిరిగి పోయి మరల పొయ్యి వెలిగింపవలెను.

సోమరులైన పంతుళ్లు లేరని నేను చెప్పను, కలరు. వారిని మందలింపుడు. కాని సోమరికి ఈ అలసట రాదు. ఇది పని చేయగోరువానికే వచ్చును. కనుకనే ఊరికి కలుగు నష్టము పెద్దది.

మీరేమి చేయగలరు? చట్టప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య సంఘముండును. అందులో మూడువంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు. సభ్యులలో సగము స్త్రీలు. మీ మనుమల బడి సంఘములో గ్రుడ్ల గుఱించి, గోడల గుఱించి అడుగుడు, కాని ముందుగా "ఈ నెల ఏ పాఠము జరిగినది? ఎన్ని దినములు బోధన ఆగినది? ఏల ఆగినది?" అని అడుగుడు. ఆగిన దినములను వ్రాసియుంచి, సంఘము తీర్మానముతో పై అధికారులకు పంపుడు. పంతులు ఒక్కడు వ్రాసిన అది ఫిర్యాదగును. ఊరు వ్రాసిన అది విన్నపమగును. ఇద్దఱుండవలసినచోట ఒక్కడే యున్నచో రెండవవానిని కోరుడు. వలసపోవు కుటుంబములలో పిల్లలను తాతలకడ నిలుపుడు.

ఆ బాలుని తాతగారు మఱుసటి వారమునుండి మధ్యాహ్నవేళ బడికి వచ్చుచుండిరి. ఎవరును పిలువలేదు. వంటయింటికడ కూర్చుండి బియ్యము కొలిపించి, గ్రుడ్లు లెక్కించి, చీటీమీద వ్రాసి నాకు ఇచ్చుచుండిరి. దానివలన నాకు దినమునకు అరగంట మిగిలెను. ఆ అరగంటలో నేను సందేహములున్న పిల్లలను చెట్టుక్రింద కూర్చుండబెట్టుకొనుచుంటిని. ఆ పిల్లవాడు మొదటి రెండు దినములు రాలేదు. మూడవనాడు వచ్చి, దూరముగా కూర్చుండి, అదే పదమును మరల అడిగెను. విడదీసి చెప్పితిని.

మీ యూరి బడికి ఒక అరగంట ఇయ్యుడని మిమ్ము వేడుకొనుచున్నాను.