కష్టకాలంలో సంఘాన్ని నిలబెట్టుకోవడం



2020 మార్చి 25, ఉగాది నాడు దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. గుడ్డ ఉంది, కొనేవాళ్ళు లేరు. 2021-22లో నూలు ధర ఎక్కింది. అప్పుడు ఆర్డరున్నా నూలు కొనే డబ్బు చాలలేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్రమే దూది దిగుమతి సుంకం ఎత్తేయాల్సి వచ్చింది.

ఈ రెండు దెబ్బలూ ఒకే పాఠం చెప్పినాయి. బీరువాలో అమ్ముడుపోని చీరను కూడా లెక్కలో ఆస్తి అని రాస్తాము. పుస్తకంలో లాభం కనపడుతుంది. కానీ వారం కూలి చీరలతో ఇవ్వలేము గదా!

అందుకని మూడు మాటలు. కూలికి, నూలుకి కొంత సొమ్ము వేరే ఖాతాలో పెట్టండి, దేనికీ ముట్టుకోవద్దండి. కదలని రకం మగ్గం మీద ఎక్కించవద్దండి. 1935 నుంచి కోఆప్టెక్స్ మనకు అండ, నిజమే. అయినా దీపావళి అమ్మకం ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఇంకో రెండు దారులు చూసుకోండి.

ఇంకొకటి. కూలిలో పట్టుకునే పొదుపు సొమ్ము నేతగాడిది. సంఘానికి ఎంత ఇక్కట్టు వచ్చినా అది వాడుకోకూడదు. పడుగు తెగితే అతుక్కోవచ్చు, నేతగాడి నమ్మకం తెగితే అతకదు.

సెలవు.