అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్

పాత పెట్రోల్ అంబాసిడర్‌ని ఇంకా ప్రేమగా నడుపుకుంటున్నవాళ్లకు ఈ నాలుగు మాటలు.

ఆ బండి డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల చిన్న కాంటాక్ట్ పాయింట్లు కనిపిస్తాయి. తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే అవి 6,000 సార్లు తెరుచుకోవాలి. నిప్పురవ్వకు పాయింట్ల మొహాలు మాడతాయి, క్యామ్‌ను ఒరుసుకునే ఫైబర్ ముక్క అరుగుతుంది. సందు తగ్గి టైమింగ్ తప్పుతుంది. పొద్దున్నే బండి మొరాయించడానికి, మిస్సింగ్ ఇవ్వడానికి తరచూ ఇదే కారణం.

ఎలక్ట్రానిక్ కిట్ పెడితే పాయింట్లు, వాటితో పనిచేసే కండెన్సర్ అక్కర్లేదు. షాఫ్ట్‌ మీద అయస్కాంతపు రింగు, పక్కన సెన్సర్. ఒకదాన్నొకటి తాకవు కనుక అరుగుదల లేదు. రోటర్, మూత పాతవే.

బిగించేముందు బ్యాటరీలో ప్లస్సా, మైనస్సా, ఏది బాడీకి ఎర్త్ అయిందో తప్పక చూడండి. తీగలు తారుమారైతే కిట్‌లోని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కాలిపోతుంది. కాయిల్ రెసిస్టెన్స్ కిట్ కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. ఇంజన్ ఆగాక ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేయొద్దు, కాయిల్ వేడెక్కుతుంది. చివరగా టైమింగ్ లైటు పెట్టి టైమింగ్ మళ్లీ సరిచేయించాలి. ఇది వదిలేస్తే కిట్ పెట్టిన ఫలితం దక్కదు.

బండి రోజూ తిప్పేవాళ్లకు ఇది పెట్టదగ్గ ఖర్చే. తీసిన పాయింట్లు, కండెన్సర్ మాత్రం పారేయకండి. దారిలో మాడ్యూల్ పోతే రోడ్డు పక్కన బాగుచేయడం కుదరదు. పాత సామాను డిక్కీలో ఉంటే, తెలిసిన మెకానిక్ దాన్ని మళ్లీ బిగించి ఇంటికి పంపగలడు.