పిల్లలమర్రి శివాలయాలు: దాతలకు ఒక విన్నపం

(ప్రసంగ పాఠం)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పరిసరాలు పుణ్యక్షేత్రాలకు ఆలవాలం. కోదాడ ప్రాంతాన మేళ్లచెరువులో శంభులింగేశ్వరుడు వెలసి ఉన్నాడు. మిర్యాలగూడ ప్రాంతాన, మూసీనది కృష్ణవేణిలో సంగమించే వాడపల్లిలో అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనృసింహుడు కొలువుదీరి ఉన్నారు. సూర్యాపేట సమీపాన పిల్లలమర్రి కలదు. నేడు పిల్లలమర్రిని గురించి మాత్రమే విన్నవించుకుంటాను. ఆలయాన్ని కట్టించిన దాతకూ, దానిని కాపాడవలసిన మనకూ గల సంబంధమేమిటో ఆ ఊరి శిలలను చూస్తే బోధపడుతుంది.

కాకతీయ చక్రవర్తులకు సామంతులైన రేచర్ల రెడ్డి ప్రభువులకు పిల్లలమర్రి నిలయం. ఇక్కడ ఎరకేశ్వర, నామేశ్వర, ముక్కంటీశ్వర ఆలయాలు ఉన్నవి. శివాలయాలతో పాటు చెన్నకేశవస్వామి ఆలయం కూడా ఉండడం ఈ క్షేత్ర విశేషం. రేచర్ల బేతిరెడ్డి ధర్మపత్ని ఎరకసానమ్మ క్రీ.శ. 1208లో తన పేరిట ఎరకేశ్వరుని ప్రతిష్ఠించింది. నామేశ్వరాలయం నామిరెడ్డి పేరిట వెలసినది. కాకతి రుద్రదేవుని కాలపు 1195 నాటి తెలుగు శాసనం, గణపతిదేవుని కాలపు 1208 నాటి శాసనం ఇక్కడి చరిత్రకు ప్రధానమైన ఆధారాలు. పాలంపేటలో 1213లో రామప్ప గుడిని కట్టించిన రేచర్ల రుద్రుడు కూడా ఈ రేచర్ల వంశీయుడే. ఆ ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన సంగతి మీరెరుగుదురు. ఎరకసానమ్మ గుడి దానికంటే అయిదేండ్లు పెద్దది.

ఆనాటి దాతల దృష్టిలో గుడి ఒంటరి కట్టడం కాదు. తనయుడు, తటాకం, కావ్యం, నిధి, ఆలయం, వనం, అగ్రహారం అనే ఏడింటినీ సప్తసంతానాలని పెద్దలు చెప్పారు. మనిషి గతించిన పిమ్మట ఆతని పేరు నిలిపేవి ఇవే. రామప్ప గుడి చెంత రామప్ప చెరువు ఉన్నది. చెరువు నిండితే పొలం పండుతుంది, పొలం పండితే దేవునికి నైవేద్యం, అర్చకునికి వృత్తి, దీపానికి నూనె సమకూరుతాయి. ఆలయాన్ని కట్టడం ఒకనాటి పని. దానిని నడిపించడం తరతరాల పని. ఈ ఎరుక వలననే ఆనాటి దాతలు తమ దానాన్ని రాతిపై చెక్కించి, దానిని కాపాడే భారాన్ని రాబోవు వారికి అప్పగించారు.

ఇక శిల్పాన్ని గురించి. కాకతీయ శైలిలో ఎత్తైన పీఠం మీద గర్భగృహం, దాని ముందు అంతరాళం, ఆపై రంగమండపం ఉంటాయి. మండపం నడుమ నునుపు దేరిన నల్లరాతి స్తంభాలు నిలుస్తాయి. వాటిపై చెక్కిన సన్నని హారాలు, గంటల వరుసలు లోహంలో పోతపోసినట్లు తోస్తాయి. నామేశ్వరాలయంలోని స్తంభాలను తాకితే స్వరం పలుకుతుందని యాత్రికులు ఆశ్చర్యపడతారు. అంతకంటే అరుదైనవి అక్కడ మిగిలిన కాకతీయుల నాటి వర్ణచిత్రాలు. క్షీరసాగర మథన దృశ్యం వాటిలో ప్రసిద్ధం. కాకతీయుల నాటి శిల్పం మనకు విస్తారంగా దక్కినది. చిత్రలేఖనం మాత్రం అతి స్వల్పంగా దక్కినది. రాతి మీది రంగు ఒకసారి రాలిపోతే తిరిగి రాదు.

ఇక్కడే నా విన్నపం. పాత ఆలయాలకు కేవలం నిర్లక్ష్యం వలననే గాక, తెలియక చేసే భక్తి వలన కూడా హాని కలుగుతుంది. దాత సదుద్దేశంతో గోడకు సున్నం వేయిస్తాడు, శాసనాక్షరాలు పూడిపోతాయి. శిల్పానికి ఎనామిల్ రంగు పూయిస్తాడు. రాతిలోని చెమ్మ బయటికి పోయే దారి లేక పైపొర పెచ్చులూడుతుంది. పీఠం చుట్టూ సిమెంటు పోయించి టైల్సు పరిపిస్తాడు. వాననీరు నేలలో ఇంకక పునాది వైపు మళ్లుతుంది. చిత్రాలున్న కప్పు కింద కర్పూరం వెలిగిస్తే మసి రంగులను కప్పివేస్తుంది. స్వరం వినాలనే ముచ్చటతో స్తంభాన్ని రాతితోనో నాణెంతోనో కొడితే అంచులు విరుగుతాయి.

మరి దాత చేయదగినదేమి? చేయదగినవి అనేకం ఉన్నవి. ప్రాంగణంలో వాన నీరు నిలువకుండా కాలువ తీయించండి. విమానం మీద మొలిచిన రావి, మర్రి మొక్కలను వేళ్లతో పెరికి పారవేయక, పురావస్తు శాఖ నిపుణుల చేత పద్ధతి ప్రకారం తొలగింపజేయండి. శాసన పాఠాన్ని నేటి తెలుగు లిపిలో ఫలకం మీద వ్రాయించి, మూల శిలకు దూరంగా నిలపండి. నిత్యదీపానికి, అర్చకుని భృతికి, కావలివాని జీతానికి శాశ్వత నిధి ఏర్పరచండి. ఏ మరమ్మతు తలపెట్టినా ముందుగా ఆ శాఖ అనుమతి పొందండి. యాత్రికులు దీపాలను వాటికి కేటాయించిన చోటనే వెలిగించి, శిల్పాలకు పసుపు కుంకుమలు అద్దక, చేతులు జోడించి దర్శిస్తే చాలును.

క్రొత్త గుడి కట్టిన పుణ్యం కంటే శిథిలమైన గుడిని ఉద్ధరించిన పుణ్యం మిన్న అని పెద్దలంటారు. జీర్ణోద్ధరణ అనగా పాతదానిని కప్పివేయడం కాదు, ఉన్నదానిని ఉన్నట్లుగా నిలబెట్టడం. కానుక నిచ్చిన వారి పేరును గోడమీద వ్రాయించుకోవాలనే కోరిక సహజమే. కానీ ఎనిమిది వందల ఏండ్లుగా ఎరకసానమ్మ పేరు నిలిచిన రాతిని మన పేరు కోసం చెరపరాదు. ఆమె పేరు చదువగలిగినంత కాలం, దానిని కాపాడిన వారి పుణ్యమూ అందులో కలిసి ఉంటుంది.

ఎరకేశ్వరస్వామి కృప మీ అందరి యందు ప్రసరించుగాక. స్వస్తి.