కాలము, తోడు



టెన్నిసులో జంటయాట, ఒంటియాటలో రాణింపనివారి కాశ్రయమని కొందఱు తలంతురు. కొడగుసీమలో పెరిగిన రోహన్ బోపన్న ఆ తలంపు తప్పని నిరూపించెను. ఆయన 2010లో పాకిస్తానీయుడగు ఖురేషీతోఁ గూడి అమెరికా ఓపెన్ తుదిపోరున నోడెను. మోకాళ్ల మృదులాస్థి అరిగిపోయినను యోగాభ్యాసముచే నిలదొక్కుకొనెను. తుదకు 2024 జనవరిలో, తన 43వ యేట, ఆస్ట్రేలియావాసి ఎబ్డెను తోడుగా ఆస్ట్రేలియా ఓపెన్ పురుషుల జంటపట్టము గెలిచి, జంటయాటలో ప్రపంచమునఁ బ్రథముడయ్యెను, 2025లో విరమించెను.

ఆయనకు కావలసి వచ్చినవి రెండు: కాలము, తోడు.

ఉపాధ్యాయుడనై యున్నపుడు నేను, ఒకసారి తప్పిన బాలురను గూర్చి “వీనికి చదువబ్బదు” అని పలుమాఱు తీర్పు చెప్పితిని. నేడు దానికి సిగ్గుపడుచున్నాను. దాతలారా! పరీక్ష తప్పిన విద్యార్థికి ఉపకారవేతనము మాన్పకుడు. మఱియొక యేడు తోడు నిలువుడు. ఇదియే నా విన్నపము.